స్లైడ్ హోల్డర్ చేయించాలి: ఒక మూల ఎప్పుడూ మసకగా వస్తోంది, ఏ కొలతలు ఇవ్వాలి?

హనుమకొండ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్తే. మా మామగారు హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన తీసిన 35 మి.మీ. కలర్ స్లైడ్లు బీరువాలో స్వీటు డబ్బాల నిండా ఉన్నాయి. రామప్ప, ఖిలా వరంగల్ తోరణాలు, వేయిస్తంభాల గుడి, మధ్యమధ్యలో ఇంట్లో పెళ్లిళ్లు. ఇవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని మొదలుపెట్టాను. స్కానర్ కొనే బడ్జెట్ లేదు కాబట్టి కెమెరాతోనే కాపీ చేస్తున్నా. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 1:1 దాకా (అంటే స్లైడు బొమ్మ అసలు సైజులోనే సెన్సార్ మీద పడేదాకా) వెళ్లే మాక్రో లెన్స్ ఉన్నాయి. మూతపడిన ఒక స్టూడియో నుంచి పాత ఎన్‌లార్జర్ స్టాండు దొరికితే దాని తల తీసేసి కెమెరా కిందికి చూసేలా బిగించాం. కింద ఎల్ఈడీ ప్యానెల్.

ఇబ్బందంతా హోల్డర్‌తోనే. సన్‌బోర్డు కోసి స్లైడ్ సైజుకి గాడి చేశాను. అట్ట మౌంట్లు (ఫిల్మ్ చుట్టూ ఉండే చట్రాలు) అందులో బిగుసుకుపోతున్నాయి, ప్లాస్టిక్‌వి లొడలొడ ఆడుతున్నాయి, గాజు మౌంట్లు అసలు దూరట్లేదు. దానికి తోడు ఏ స్లైడ్ పెట్టినా పైన కుడి మూల మసక. మధ్యలో స్తంభం మీది చెక్కడం గీత గీత కనిపిస్తుంది, ఆ మూలకు వచ్చేసరికి అంతా అలికేసినట్టు ఉంటుంది. రేడియం కటింగ్ షాపు వాళ్ల దగ్గర లేజర్ మెషిన్ ఉంది, యాక్రిలిక్ కోసిస్తామన్నారు. వాళ్లకు కొలతలు ఏమివ్వాలి? ఇంకెంత బిగుతుగా చేయించాలి?

జగిత్యాల నుంచి జవాబు:

అక్కా, యాక్రిలిక్ ఎందుకు, త్రీడీ ప్రింట్ చేయించండి. మౌంట్ సైజు 50 x 50 మి.మీ. అని ఎక్కడ చూసినా ఉంటుంది. గాడి కూడా కరెక్ట్‌గా 50 పెట్టేస్తే కదలమన్నా కదలదు. మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చాలు, మా కాలేజీ ల్యాబ్‌లో చేసిస్తారు.

కాజీపేట నుంచి జవాబు:

అమ్మా, నేను లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి దిగినవాణ్ణి, ఫోటోల పని ఇంట్లో సరదాకి. తమ్ముడు చెప్పినట్టు 50కి 50 చేయించొద్దు. అన్ని మౌంట్లూ ఒక్క కొలతకి ఉండవు. పేరుకు రెండంగుళాల చదరం, అంటే 50.8. కొన్ని సరిగ్గా 50 ఉంటాయి. అట్టవి వానాకాలం తేమకి ఉబ్బి అంచులు లావెక్కుతాయి. గాడిని బిగుతు చేసుకుంటూ పోతే ఏదో ఒక రకానికే పనికొస్తుంది, మిగతావి ఇరుక్కుంటాయి, లాగితే అట్ట చినుగుతుంది. నిలబెట్టాల్సింది బిగుతుతో కాదు, ఆనింపుతో.

ఇంకో మాట. స్లైడు అటో ఇటో అర మిల్లీమీటరు జరిగితే కొంపలేమీ మునగవు. కొంచెం వెడల్పుగా, మౌంట్ లోపలి అంచు కనిపించేలా ఫోటో తీసి తర్వాత క్రాప్ చేసుకుంటారు. సరిపోతుంది. మీ మూల మసకకి కారణం అది కాదు, స్లైడు వాలుగా కూర్చోవడం. 1:1 దగ్గర లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 8కి కుదించినా, స్క్రీన్ మీద పెద్దది చేసి చూసినప్పుడు కూడా పదునుగా ఉండాలంటే ఫోకస్‌కి దొరికే లోతు మొత్తం మూడోవంతు మిల్లీమీటరు. ఫ్రేము పొడవు 36 మి.మీ. ఒక్క డిగ్రీ వాలితే ఈ కొసకీ ఆ కొసకీ ఎత్తులో తేడా 0.6 మి.మీ. దాటుతుంది. ఒక డిగ్రీ అంటే కంటికి ఆనదు. సన్‌బోర్డు కోత కాస్త నలిగినా అంత తేడా వస్తుంది.

అందుకని ముందు హోల్డర్ సంగతి పక్కన పెట్టి కెమెరా నిటారుగా ఉందో లేదో చూడండి. రసమట్టాన్ని నమ్ముకోవద్దు, ఈ పనికి అది మోటు. అద్దాలు కోసే షాపులో 50 మి.మీ. చదరం అద్దం ముక్క కోయించి, అంచులు రుద్దించి, స్లైడు కూర్చునే చోటే పెట్టండి. కెమెరా లైవ్ వ్యూలో చూస్తే అద్దంలో మీ లెన్స్ మొహమే కనిపిస్తుంది. ఆ గుండ్రం సరిగ్గా స్క్రీన్ నడిమధ్యకు వస్తే లెన్సూ స్లైడూ ఒకదానికొకటి తిన్నగా ఉన్నట్టు. పక్కకుంటే హోల్డర్ కింద కాగితం మడత పెట్టుకుంటూ మధ్యకు తెచ్చుకోండి. ప్రతిబింబానికి ఫోకస్ దూరం రెట్టింపు ఉంటుంది, ముందు మసకగా కనిపిస్తే రింగు తిప్పండి.

హనుమకొండ నుంచి:

సార్, అద్దం పెట్టి చూశాం. లెన్స్ గుండ్రం దాదాపు స్క్రీన్ మూలలో ఉంది! రసమట్టంతో చూస్తే మాత్రం నిటారే. కాగితాలు పెట్టి మధ్యకు తెచ్చాక అదే స్లైడ్ మళ్లీ తీస్తే మసక చాలావరకు పోయింది. కానీ స్లైడ్ మార్చినప్పుడల్లా కొంచెం కొంచెం తేడా వస్తూనే ఉంది, ముఖ్యంగా అట్టవాటికి. వాటిలో కొన్ని అప్పడంలా వంకరపోయి ఉన్నాయి.

కాజీపేట నుంచి:

ఇప్పుడు హోల్డర్ దగ్గరికి వద్దాం. వంకర అట్టని చదును పలక మీద పెడితే ఒక్కోసారి ఒక్కో మూల లేస్తుంది, నాలుగు కాళ్లలో ఒకటి పొట్టిగా ఉన్న స్టూలు సంగతే. మూడు బిందువుల మీద కూర్చోబెడితే ఊగదు.

కింది పలక 3 మి.మీ. నల్ల యాక్రిలిక్, మెరుపు లేనిది. దానికి మధ్యలో 38 x 38 చదరం కిటికీ. మౌంట్ లోపల కనిపించే బొమ్మ సుమారు 35 x 23 ఉంటుంది కాబట్టి అడ్డం స్లైడూ నిలువు స్లైడూ రెండూ ఇందులో సరిపోతాయి, హోల్డర్ తిప్పక్కర్లేదు. కిటికీ చుట్టూ మౌంట్ అంచుకి 6 మి.మీ. దొరుకుతుంది. ఆ అంచు కింద మూడు చోట్ల 4 మి.మీ. బిళ్లలు అంటించండి, కింద రెండు మూలల్లో ఒక్కోటి, పై అంచు మధ్యలో ఒకటి. మూడూ ఒకే 1 మి.మీ. షీట్ నుంచి, పక్కపక్కన కోయించండి. వేరే వేరే షీట్లయితే మందం తేడా వస్తుంది.

దాని మీద రెండో పలక, స్లైడు అటూ ఇటూ జరగకుండా ఆపేది. 52 వెడల్పు, పై వైపు తెరిచి ఉన్న గాడి. దిగువ అంచుకి రెండు చిన్న బొడిపెలు, ఎడమ అంచుకి ఒకటి. స్లైడు వాటిని ఆనుకోవాలి. కుడి పైమూల నుంచి వాటి వైపు నెట్టడానికి ఒక పలచని స్ప్రింగు. పాత స్టీలు కొలత టేపు ముక్క చాలు. కానీ దాని అంచు కత్తిలా ఉంటుంది, టేపు చుట్టి వాడండి. నెట్టుడు సుతారంగా ఉండాలి, వేలితో తోస్తే స్లైడు జరగాలి.

పైనుంచి నొక్కే మూత ఒకటి. ఇక్కడ చాలామంది చేసే పని, మూత మొత్తం మౌంట్ మీద వాల్చి బరువు పెట్టడం. అలా కాదు. నొక్కే చోట్లు మూడు ఉండాలి, అవి కింద బిళ్లలకి సరిగ్గా పైనే రావాలి. బిళ్లకీ బిళ్లకీ మధ్యలో నొక్కితే మౌంట్ వంగుతుంది, లోపల ఫిల్మ్ దాంతోపాటు మెలిపడుతుంది. చిన్న రబ్బరు ముక్కలు మూతకి అంటిస్తే చాలు.

లేజర్ గురించి: కోత దగ్గర అది కొంత పదార్థాన్ని తినేస్తుంది, యాక్రిలిక్‌కి 0.2 మి.మీ. వరకు. మీరు 52 గీస్తే గాడి 52.2 అవుతుంది, పర్వాలేదు, స్ప్రింగు చూసుకుంటుంది. బిగుతుగా కూర్చోవాల్సినవి ఉంటేనే ఆ లెక్క పట్టించుకోవాలి.

కరీంనగర్ నుంచి జవాబు:

స్టూడియో నడుపుతాను, ఇలాంటి పనులు మా దగ్గరికి వస్తుంటాయి. సార్ చెప్పింది పక్కా. నావి కొన్ని.

పారదర్శక యాక్రిలిక్ వద్దే వద్దు. దాని అంచుల్లోంచి వెలుతురు పాకుతూ వచ్చి లెన్స్‌లో పడుతుంది, నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. నల్లదైనా కిటికీ లోపలి అంచు కోత మెరుస్తుంది, దానికి నల్ల వెల్వెట్ కాగితం అంటించండి. బిళ్లల వల్ల మౌంట్ కింద 1 మి.మీ. సందు వస్తుంది కదా, ఆ సందులోంచి వచ్చే వెలుతురును కూడా అదే ఆపుతుంది. స్లైడు బయట ప్యానెల్ ఎక్కడ కనిపించినా కప్పేయాలి.

ఎల్ఈడీ ప్యానెల్‌ని స్లైడుకి ఆనించొద్దు. బోర్డులు చేసేవాళ్ల దగ్గర మిల్కీ వైట్ యాక్రిలిక్ దొరుకుతుంది, అది మధ్యలో పెట్టి, స్లైడుకి 4-5 సెం.మీ. కింద ఉంచండి. దాని మీది దుమ్ము, గీతలు ఫోకస్‌లోకి రావు. ప్యానెల్ సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉండేది తీసుకోండి, మామూలుదైతే ఎరుపులు చచ్చిపోతాయి, రామప్ప రాయి అసలు రంగు రాదు.

రకం రకంగా వేరు చేసుకుని తీయండి. అట్టవి ఒక కుప్ప, ప్లాస్టిక్‌వి ఒకటి, గాజువి ఒకటి. అట్ట మౌంట్ 1.3 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది, గాజుది 3 దాకా పోతుంది. ఫిల్మ్ ఉండేది మౌంట్ మందం మధ్యలో, అంటే రకం మారితే ఫిల్మ్ ఎత్తు ముప్పావు మిల్లీమీటరు పైనే మారుతుంది. ఒక కుప్పకి మాన్యువల్‌గా ఫోకస్ కుదుర్చుకున్నాక దాన్ని ముట్టకుండా తీస్తూ పోవచ్చు, కుప్ప మారగానే మళ్లీ.

జగిత్యాల నుంచి:

సరే, గాడి 50 అన్నది వదిలేశా. కానీ త్రీడీ ప్రింట్ తప్పేముంది సార్? బిళ్లలు, బొడిపెలు అన్నీ ఒక్క ముక్కలో వచ్చేస్తాయి కదా.

కాజీపేట నుంచి:

తప్పేం లేదు తమ్ముడూ. కాకపోతే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండకు నిలబెట్టిన కారులో ఒక మధ్యాహ్నం మరిచిపోతే మీ మూడు బిందువులు ఎటు పోయాయో వెతుక్కోవాలి. పెట్‌జీ అయితే 80 దాకా తట్టుకుంటుంది, అందులో వేయించు. ప్రింటు పొరల మీద గరుకు ఉంటుంది, బిళ్లల పైభాగాలు మూడింటినీ గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి ఒక్కసారే రుద్దాలి. విడివిడిగా రుద్దితే మళ్లీ వాలు. అమ్మా, మీరు కూడా గ్లూ గన్నుతో అంటించొద్దు. ఎండాకాలం మన ఇళ్లల్లో అది మెల్లగా జారుతుంది. చిన్న స్క్రూలు పెట్టించండి.

హనుమకొండ నుంచి:

యాక్రిలిక్‌లోనే చేయించాను. అద్దం పెట్టి సరిచేశాక మూలలు నాలుగూ పదును. స్లైడ్ తీసి మళ్లీ పెట్టినా అలాగే ఉంది. ఇప్పుడు ఇంకోటి బయటపడింది. కొన్ని స్లైడ్లకు నాలుగు మూలలూ బాగున్నాయి, నడుమ మసక! మౌంట్ మీద గాజు పలక పెట్టి అదిమితే పోతుందా?

కరీంనగర్ నుంచి:

పోదక్కా. ఫిల్మ్ మౌంట్ అంచుకన్నా లోపలికి ఉంటుంది, గాజు అంచు మీదే ఆగిపోతుంది, ఫిల్మ్‌ని తాకదు. పైగా దుమ్ము పట్టే ముఖాలు రెండు పెరుగుతాయి. ఆ స్లైడు ఫిల్మ్ బుడ్డలా లేచింది. మెరిసే వైపు ట్యూబులైటు కింద వాల్చి చూడండి, లైటు గీత తిన్నగా కాకుండా విల్లులా వంగి కనిపిస్తుంది. అలాంటివి పక్కన పెట్టుకుని, మధ్యకీ మూలకీ నడుమ ఎక్కడో ఫోకస్ చేసి ఎఫ్ 8లో తీయండి, చాలావాటికి సరిపోతుంది. మరీ ముఖ్యమైన ఫోటో అయితే మధ్యకొకటి, మూలకొకటి రెండు తీసి కంప్యూటర్‌లో కలపండి. ఎఫ్ 16కి పోవద్దు, 1:1 దగ్గర అది ఎఫ్ 32తో సమానం, మొత్తం ఫోటో పదును పోతుంది.

గాజు పనికొచ్చేది మౌంట్ లేని ఫిల్మ్ ముక్కలకి. ఉంటే వాటికి వేరే గాడి చేయించండి, 35.3 వెడల్పు. ఫిల్మ్‌ని పట్టుకోవాల్సింది రంధ్రాలున్న అంచుల్లోనే. బొమ్మ 24 మి.మీ., అంటే ఒక్కో పక్కన 5.5 మిగులుతుంది, అందులో 4 మి.మీ. మించి పట్టుకోవద్దు. గాజు పెట్టేటట్టయితే మెరిసే వైపుకి మామూలు గాజు వద్దు, నీళ్లలో నూనె చుక్క పడ్డట్టు రంగురంగుల వలయాలు వస్తాయి. న్యూటన్ వలయాలు అంటారు. దానికని కొంచెం గరుకు చేసిన గాజు దొరుకుతుంది.

కాజీపేట నుంచి:

ఇంకో సంగతి అమ్మా, సీలింగ్ ఫ్యాన్ ఆపి తీస్తున్నారా? ఫ్యాన్ గాలికి దుమ్ము పడుతుంది, స్టాండు వణుకుతుంది. మా ఇంటి ముందు లారీ పోయినా తెలిసిపోతుంది, టైమర్ పెట్టి, అది పోయాకే నొక్కుతాను.

హనుమకొండ నుంచి:

ఫ్యాన్ ఆపితే చెమటలు కారి స్లైడ్ మీద పడతాయని భయం సార్, పొద్దున్నే తీసేస్తున్నా. చివరిగా ఒక్కటి. ఏ వైపు పైకి పెట్టాలి? ఖిలా తోరణాలు రెండు వైపులా ఒకేలా ఉంటాయి, తిరగబడినా నాకు తెలియట్లేదు.

కరీంనగర్ నుంచి:

మెరిసే వైపు కెమెరా వైపుకి పెడితే కుడి ఎడమలు సరిగ్గా వస్తాయి. మెరుపు తక్కువగా, వాల్చి చూస్తే బొమ్మ గీతలు కొంచెం ఉబ్బెత్తుగా కనిపించేది ఎమల్షన్ వైపు, అంటే బొమ్మ పొర ఉండే వైపు, అది కిందికి ఉండాలి. కొన్ని అట్ట మౌంట్ల మీద ‘ఈ వైపు తెరకు’ అని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటుంది, అదీ ఎమల్షన్ వైపే. కానీ ఎవరో మధ్యలో మౌంట్ మార్చి ఉంటే ఆ అచ్చుని నమ్మలేం. దుకాణం బోర్డు గానీ బస్సు మీద రాత గానీ కనిపించే స్లైడు ఒకటి వెతికి మొదట అది తీసి చూసుకోండి. పెళ్లి ఫోటోల్లో అయితే పైట ఎడమ భుజం మీద ఉందో లేదో చూస్తే చాలు.

ఫంగస్ పట్టినవి కనిపిస్తే నీళ్లు తగలనివ్వొద్దు, ఫంగస్ తిన్న చోట ఫిల్మ్ మీది జిలెటిన్ పొర నీళ్లకు కరిగిపోతుంది. ఉన్నది ఉన్నట్టు ముందు ఫోటో తీసుకోండి, శుభ్రం చేసే సంగతి తర్వాత.