గోల్ఫ్ మేజర్ల అంచనాకు ప్రపంచ ర్యాంకింగ్‌ను నమ్మొచ్చా? 2026 సీజన్ ముందు చర్చ

మూడోపట్
2026 గోల్ఫ్ మేజర్లకు, అంటే ఏడాదిలోని నాలుగు అతిపెద్ద టోర్నీలకు, వేదికలు తెలిసినవే. ఏప్రిల్‌లో ఆగస్టా నేషనల్ (మాస్టర్స్), మేలో అరోనిమింక్ (పీజీఏ ఛాంపియన్‌షిప్), జూన్‌లో షినెకాక్ హిల్స్ (యూఎస్ ఓపెన్), జులైలో రాయల్ బర్క్‌డేల్ (ది ఓపెన్). ఎవరు గెలుస్తారన్న అంచనాలు అప్పుడే మొదలయ్యాయి. దాదాపు అందరూ చేస్తున్నది ఒకటే: ప్రపంచ ర్యాంకింగ్ తెరవడం, పైనుంచి పది పేర్లు తీసుకోవడం, వాటిలో నచ్చినవి ఏరుకోవడం.

ఇది తప్పని నా వాదన. ర్యాంకింగ్ పుట్టింది పెద్ద టోర్నీల్లో ఎవరికి చోటివ్వాలో తేల్చడానికి. వచ్చే వారం ఎవరు బాగా ఆడతారన్నది దాని పని కాదు. లెక్క ఎలా నడుస్తుందో చూడండి. 104 వారాల ఆటను పరిగణనలోకి తీసుకుంటారు. ఏ టోర్నీ పాయింట్లైనా మొదటి 13 వారాలు పూర్తిగా ఉంటాయి, మిగతా 91 వారాల్లో వారం వారం సమానంగా కరుగుతాయి. మేజర్ గెలిస్తే 100 పాయింట్లు. ఆ లెక్కన 59వ వారానికి కూడా దాదాపు 50 మిగులుతాయి. అంటే ఏడాది దాటి ఏడు వారాలైన గెలుపు ఇంకా ఆటగాణ్ని పైకి మోస్తూనే ఉంటుంది. ఈలోగా అతని ఐరన్ షాట్లు గాడి తప్పినా ర్యాంకింగ్‌లో అది కనిపించడానికి నెలలు పడుతుంది.

2025 యూఎస్ ఓపెనే చూడండి. ఓక్‌మాంట్‌లో గెలిచిన జె.జె. స్పాన్ పేరు ఎంతమంది రాశారు? మార్చిలోనే ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో మెకిల్‌రాయ్‌తో ప్లేఆఫ్ దాకా వచ్చిన మనిషి. ఫామ్ చూసినవాళ్లకు సూచన దొరికింది. రెండేళ్ల సగటు చూసినవాళ్లకు దొరకలేదు.

ఫెయిర్‌వేచూపు
స్పాన్ ఒక్కడే కనిపిస్తున్నాడా? అదే ఏడాది పీజీఏ ఛాంపియన్‌షిప్, ది ఓపెన్ రెండూ గెలిచింది నంబర్ వన్ షెఫ్లర్. మాస్టర్స్ గెలిచిన మెకిల్‌రాయ్ కూడా అప్పటికి పై వరుసలోనే ఉన్నాడు. నాలుగింటిలో మూడు ర్యాంకింగ్ పైభాగానికే వెళ్లాయి. ఒక్క మినహాయింపు చూపించి మొత్తం లెక్కనే కొట్టిపారేయడం న్యాయం కాదు.

లెక్కలపుస్తకం
ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. కానీ అసలు చిక్కు భాజకంలో ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ర్యాంకింగ్ అంటే మొత్తం పాయింట్లను ఆడిన టోర్నీల సంఖ్యతో భాగించడం. అయితే భాజకం 40కి తగ్గకూడదు, 52కి మించకూడదు. ఒక ఊహాత్మక లెక్క: లివ్ లీగ్‌లో (పీజీఏ టూర్‌కు పోటీగా వచ్చింది, దాని టోర్నీలకు 2025 దాకా ర్యాంకింగ్ పాయింట్లు లేవు) ఉన్న ఆటగాడు రెండేళ్లలో పాయింట్లున్న టోర్నీలు 10 మాత్రమే ఆడి 120 పాయింట్లు తెచ్చుకున్నాడు. టోర్నీకి 12 చొప్పున పడ్డాయి, చాలా గొప్ప ఆట. కానీ 40తో భాగిస్తారు కాబట్టి సగటు 3. ఇంకొకతను 50 టోర్నీలాడి 150 పాయింట్లు తెచ్చుకున్నాడు. అతని సగటూ 3. జాబితాలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. అంచనా వేసేవాడికి వీళ్లిద్దరూ ఒకటేనా?

జాన్ రామ్ 2023 డిసెంబరులో లివ్‌కు వెళ్లేనాటికి ప్రపంచ మూడో ర్యాంకర్. ఆ తర్వాత అతను కిందికి జారడంలో ఎక్కువ భాగం ఈ భాగహారం చేసిన పనే. ఆట ఎంత తగ్గిందో, లెక్క ఎంత తగ్గించిందో ఆ అంకె చూసి విడదీయలేం.

గాలివాటం
కనీస భాజకాన్ని ఊరికే పెట్టలేదండీ. అది లేకపోతే ఒక మేజర్‌లో మెరిసినవాడు మిగతా ఏడాదంతా ఇంట్లో కూర్చుని టాప్ 10లో ఉండిపోతాడు. తక్కువ ఆడి సగటు కాపాడుకోవడాన్ని ఆపడానికే ఆ 40.

లివ్‌కు 2025 దాకా పాయింట్లివ్వకపోవడానికి కారణాలూ గుర్తుచేయాలి. 2023 అక్టోబరులో ర్యాంకింగ్ మండలి వాళ్ల దరఖాస్తును తిరస్కరించింది. 54 హోల్స్ (మూడు రౌండ్లే ఆడటం), కట్ (రెండు రౌండ్లయ్యాక వెనకబడినవాళ్లను తప్పించడం) లేకపోవడం ముఖ్య కారణాలని చాలామంది అనుకుంటారు. మండలి గట్టిగా పట్టుకున్నవి వేరు. ఒకటి, బయటి ఆటగాడు ఆటతో లోపలికొచ్చే దారి, ఆడలేనివాడు బయటికి పోయే దారి రెండూ ఇరుకు. రెండు, ఒకే మైదానంలో వ్యక్తిగత పోటీ, జట్టు పోటీ కలిసి నడుస్తుంటే ఆటగాడు పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) కొట్టేది తన స్కోరు కోసమా జట్టు కోసమా అన్న సందేహం. 2024 మార్చిలో లివ్ తన దరఖాస్తును వెనక్కి తీసుకుంది. 2026 నుంచి నాలుగు రోజులు, 72 హోల్స్ ఆడతామని ప్రకటించింది. రౌండ్ల అభ్యంతరం దాంతో పోతుంది. తలుపు అభ్యంతరం, అంటే రాకపోకల దారి ఇరుకన్నది, అప్పటికి అలాగే ఉండిపోయింది.

బంకర్‌ఇసుక
తలుపు మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. పీజీఏ టూర్ (అమెరికాలోని ప్రధాన గోల్ఫ్ టూర్) సిగ్నేచర్ టోర్నీల సంగతేంటి? ఒక్కోటి 2 కోట్ల డాలర్ల ప్రైజ్‌మనీ, ఆడేది డెబ్బై, ఎనభై మంది, ఎక్కువ వాటిలో కట్ లేదు. గతేడాది ఫెడెక్స్ కప్‌లో (టూర్ సీజన్ పాయింట్ల పట్టిక) తొలి 50లో ఉంటే చోటు ఖాయం. గెలిస్తే 700 ఫెడెక్స్ పాయింట్లు, మామూలు టోర్నీలో 500. లోపలున్నవాడు లోపలే ఉండిపోయే ఏర్పాటు ఇదీ కాదా? 2026లో పూర్తి కార్డులను (టూర్‌లో ఆడే అర్హతలను) 125 నుంచి 100కు కుదించారు కూడా. ఒక తలుపు ఇరుకని శిక్షించి, ఇంకో ఇరుకు తలుపుకు పాయింట్లివ్వడం నాకు సమ్మతం కాదు.

గాలివాటం
ఇరుకే, కాదనను. కానీ తేడా ఉంది. గత సీజన్ తొలి 50 తర్వాత ప్రస్తుత సీజన్ జాబితా నుంచి పదిమంది (నెక్స్ట్ 10), మధ్యలో జరిగిన మామూలు టోర్నీల నుంచి ఐదుగురు (స్వింగ్ 5) లోపలికొస్తారు. జెనెసిస్, ఆర్నాల్డ్ పామర్, మెమోరియల్ మూడింటిలో కట్ ఉంది: తొలి 50 మంది, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు, లీడర్‌కు పది స్ట్రోకుల (దెబ్బల) లోపు ఉన్నవాళ్లు. రెండు వారాలు అద్భుతంగా ఆడిన కొత్త కుర్రాడు మూడో వారం సిగ్నేచర్ టోర్నీలో నిలబడగలడు. లివ్‌లో ఆ వేగంతో లోపలికి రాలేడు.

కార్డులు తగ్గించడం మీద మాత్రం మీతోనే ఉన్నాను. మిగతా టూర్ల నుంచి వచ్చేవాళ్ల మీద ఆ దెబ్బ పడుతుంది.

లెక్కలపుస్తకం
చర్చ తలుపుల దగ్గర ఆగిపోతోంది. మూడోపట్ గారి ప్రశ్న అంచనా గురించి. ర్యాంకింగ్ కాకపోతే ఏం చూడాలి?

స్ట్రోక్స్ గెయిన్డ్. పట్టింగ్‌కు పీజీఏ టూర్ దీన్ని 2011 నుంచి వాడుతోంది. దీని వెనకున్న ఆలోచన సులువు. ఎనిమిది అడుగుల నుంచి టూర్ ఆటగాళ్లు దాదాపు సగం పట్‌లు హోల్‌లో వేస్తారు, కాబట్టి అక్కణ్నుంచి సగటున ఒకటిన్నర పట్ పడుతుందని లెక్క. ఒక్క దెబ్బలో వేస్తే అర స్ట్రోక్ లాభం, రెండు తీసుకుంటే అర స్ట్రోక్ నష్టం. 33 అడుగుల దగ్గర సగటు రెండు పట్‌లు. అంత దూరం నుంచి రెండింట్లో ముగిస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. టీ షాట్‌కు (హోల్‌లో మొదటి దెబ్బ), అప్రోచ్‌కు (జెండా ఉండే నున్నటి గడ్డి, అంటే గ్రీన్ మీదికి కొట్టే దెబ్బ), గ్రీన్ చుట్టూ ఆడే షాట్లకూ ఇదే కొలత: బంతి ముందు ఎక్కడుంది, తర్వాత ఎక్కడుంది, మధ్యలో ఎంత బాగుపడింది.

ఇక్కడే చాలామంది జారిపడతారు. గత నెలలో పట్టింగ్ బ్రహ్మాండంగా ఉందని ఆటగాణ్ని ఎంచుకుంటారు. నాలుగు అంకెల్లో అతి త్వరగా ఆవిరయ్యేది అదే. అప్రోచ్, టీ షాట్ అంకెలు నిలకడైనవి. నేనైతే గత 50 రౌండ్ల అప్రోచ్‌ను ముందు చూస్తాను, తర్వాత టీ షాట్, పట్టింగ్ అన్నింటికంటే చివర. పట్టింగ్ సగటు కంటే కాస్త కింద ఉండి, అప్రోచ్‌లో మెరుస్తున్నవాడు దొరికితే అతన్నే పట్టుకోవాలి.

ఫెయిర్‌వేచూపు
మరి ఈ అంకెలు లివ్ ఆటగాళ్లకు ఎలా తెస్తారు? నీమన్ 2025లో లివ్‌లో ఐదు టోర్నీలు గెలిచాడు. ఆ లెక్కన ప్రతి మేజర్‌లోనూ ముందుండాలి. ఏడాది మొత్తమ్మీద మేజర్లలో ఒక్కటే టాప్ 10, క్వెయిల్ హాలోలో (పీజీఏ ఛాంపియన్‌షిప్) ఎనిమిదో స్థానం పంచుకోవడం. పైగా ఐదు గెలిచిన నీమన్‌కు కాకుండా ఒక్కటీ గెలవని రామ్‌కు లివ్ వ్యక్తిగత టైటిల్ దక్కింది. ఏ అంకెను నమ్మాలి?

లెక్కలపుస్తకం
మంచి ప్రశ్న. రామ్ టైటిల్‌లో వింతేమీ లేదు. ప్రతి వారం పైవరుసలో ముగించినవాడికి పాయింట్లు పోగవుతాయి. అంచనాకు నాకు కావలసింది అలాంటి నిలకడే, ఐదు గెలుపుల కంటే అదే ఎక్కువ చెబుతుంది.

నీమన్ విషయం వేరు. రెండు వేర్వేరు మైదానాల స్కోర్లను పోల్చాలంటే రెండుచోట్లా ఆడిన ఆటగాళ్లు వంతెనలా పనికొస్తారు. లివ్‌వాళ్లు మిగతావాళ్లను కలిసేది ముఖ్యంగా నాలుగు మేజర్లలో. వంతెన సన్నగా ఉంటే లెక్కలో ఊగిసలాట ఎక్కువ. అందుకే లివ్ స్కోర్లను పూర్తిగా తీసుకోను, పూర్తిగా వదిలేయను. మేజర్ల రౌండ్లకు రెట్టింపు బరువిస్తాను.

54 హోల్స్ గురించి కూడా ఒక మాట. మెరుగైన ఆటగాడి ఆధిక్యం రౌండ్ల సంఖ్యతో పెరుగుతుంది, అదృష్టం ఊపు రౌండ్ల వర్గమూలంతోనే పెరుగుతుంది. మూడుకు వర్గమూలం 1.73, నాలుగుకు 2. కాబట్టి మూడు రౌండ్ల పోటీలో మంచి ఆటగాడి ఆధిక్యం నాలుగు రౌండ్లతో పోలిస్తే 13 శాతం బలహీనం. లివ్‌లో ఒక గెలుపు చెప్పే సమాచారం అంతమేరకు తక్కువ.

మూడోపట్
ఇది నాకు బాగా ఉపయోగపడింది. దీనికి ఇంకొకటి కలపండి. టూర్ స్థాయిలో ఒకే ఆటగాడి స్కోరు రౌండ్‌కూ రౌండ్‌కూ సుమారు మూడు స్ట్రోకులు అటూ ఇటూ ఊగుతుంది. నాలుగు రౌండ్లకు ఆ ఊపు ఆరు. మైదానం సగటు కంటే రౌండ్‌కు రెండు స్ట్రోకులు మెరుగైనవాడు మొత్తానికి ఎనిమిది ముందుంటాడు. కానీ 156 మందిలో ఎవరో ఒకరికి ఆ వారం పన్నెండు కలిసొస్తుంది. షెఫ్లర్‌ లాంటివాడికి కూడా ఐదింట ఒక వంతు అవకాశమంటే చాలా ఎక్కువ ఇచ్చినట్టే. ‘ఇతనే గెలుస్తాడు’ అని రాసే ప్రతి అంచనా అక్కడే బోల్తా పడుతుంది.

బంకర్‌ఇసుక
డ్రైవర్ (టీ నుంచి దూరం కొట్టే క్లబ్) వివాదాన్ని ఎవరూ తేలేదు. 2025లో క్వెయిల్ హాలోలో మెకిల్‌రాయ్ డ్రైవర్ పరీక్షలో ఫెయిలైందని బయటికి పొక్కింది. ఆ వారం అతను 47వ స్థానం పంచుకున్నాడు. ఇలాంటిది ఏ అంకెలోనూ కనపడదు కదా?

గాలివాటం
కనపడదు, నిజమే. కానీ అదే వారం షెఫ్లర్ డ్రైవర్ కూడా ఫెయిలైంది. అతను ఐదు స్ట్రోకుల తేడాతో గెలిచాడు.

ఆ పరీక్ష గురించి అపోహలెక్కువ. చిన్న స్టీలు గుండు లోలకంలా ఊగి క్లబ్ ముఖాన్ని తాకుతుంది, అది ముఖంతో ఎంతసేపు అంటి ఉందో మైక్రోసెకన్లలో కొలుస్తారు. పరిమితి 239, సడలింపు 18, మొత్తం 257. దాటితే ముఖం మరీ స్ప్రింగులా ఉన్నట్టు. ఆటగాడు మోసం చేయనక్కర్లేదు. వేల దెబ్బలకు ముఖం అరిగి సాగి, కొన్నప్పుడు లోపలున్న క్లబ్బే క్రమంగా హద్దు దాటుతుంది. వేగంగా కొట్టేవాళ్లకు ఇది ముందుగా వస్తుంది. ఫలితాలు రహస్యంగా ఉంచడం, అందరివీ కాకుండా కొందరివే పరీక్షించడం వల్లే పుకార్లు లేస్తున్నాయి. అందరి డ్రైవర్లూ పరీక్షించి ఫలితం ప్రకటిస్తే వివాదం అక్కడికి ఆగుతుంది.

ఫెయిర్‌వేచూపు
సరే, భాజకం లెక్క విన్నాక ర్యాంకింగ్ మీద నా పట్టు కొంత సడలింది. టాప్ 10ని వడపోతగా వాడను. కానీ నాలుగు వేదికలకూ ఒకే అప్రోచ్ లెక్క సరిపోతుందా?

మూడోపట్
సరిపోదు. ఆగస్టాలో ఆడేది తొంభై మంది చుట్టుపక్కల, కట్‌లో తొలి 50 మంది, సమానులు. వాళ్లలో పాత ఛాంపియన్లు, అమెచ్యూర్లు పోగా నిజమైన పోటీదారులు తక్కువ. అందుకే మంచి ఆటగాళ్ల అవకాశాలు అక్కడ పెరుగుతాయి. మిగతా మూడింటిలో 156 మంది. యూఎస్ ఓపెన్ కట్ 60, పీజీఏ, ఓపెన్ 70. కట్ దాటుతారా లేదా అనే అంచనాలో ఈ తేడా మరిచిపోతే యూఎస్ ఓపెన్‌లో దెబ్బతింటారు.

అరోనిమింక్ మీద 2018 బీఎండబ్ల్యూ ఛాంపియన్‌షిప్ స్కోర్లు చూసి ‘సులువైన కోర్స్’ అనుకోకండి. ఆ వారం వానకు గ్రీన్లు మెత్తబడి బంతి పడ్డచోటే ఆగింది. బ్రాడ్లీ, రోజ్ 20 అండర్‌తో (పార్ అనే నిర్ణీత దెబ్బల కంటే 20 తక్కువ) ప్లేఆఫ్ ఆడారు. మేలో పొడిగా ఉంటే వేరే కోర్స్ అది.

షినెకాక్‌లో గాలి, ఎండ గ్రీన్లను గంటల్లో మార్చేస్తాయి. 2018 యూఎస్ ఓపెన్‌లో శనివారం పొద్దున్నే ఆడిన ఫినౌ, బర్గర్ చెరో 66 కొట్టారు. లీడర్‌కు పదకొండు స్ట్రోకులు వెనకున్నవాళ్లు సాయంత్రానికి అగ్రస్థానం పంచుకున్నారు, ఎందుకంటే మధ్యాహ్నానికి గ్రీన్లు రాళ్లయ్యాయి. కోప్కా ఒకటి ఓవర్ పార్‌తో గెలిచాడు. అక్కడ అప్రోచ్ కంటే గ్రీన్ చుట్టూ ఆటకు ఒక మెట్టు ఎక్కువ ఇస్తాను.

లెక్కలపుస్తకం
బర్క్‌డేల్‌కు నాది ఒక్క నియమం: బుధవారం సాయంత్రం దాకా పేరు రాయను. మొదటి రెండు రోజుల టీ టైములు (ఆట మొదలెట్టే సమయాలు) రెండు గుంపులు. ఒక గుంపుకు గురువారం పొద్దున, శుక్రవారం మధ్యాహ్నం. రెండో దానికి తిరగేసి. గాలి సూచన చూసి, ఒక గుంపుకు గాలి తగ్గుతుందని తేలితే ఆ గుంపువాళ్లకు రౌండ్‌కు అర స్ట్రోక్ లాభం కలుపుతాను, తుపాను లాంటిదైతే ఒకటి. ఇంచుమించు సమానమైన ఇద్దరిలో ఎవర్ని రాయాలో ఆ అర స్ట్రోకే తేలుస్తుంది. గాలి సూచన రెండు చోట్ల వేర్వేరుగా ఉంటే ఏమీ కలపను.

బంకర్‌ఇసుక
అయితే ఆగస్టాకు ముందు, మార్చి చివర, అందరం గత 50 రౌండ్ల అప్రోచ్ అంకెలతో పది పేర్లు ఇక్కడే రాద్దాం. పక్కన ర్యాంకింగ్ పది కూడా పెడదాం. కట్ దాటినవాళ్లెందరు, టాప్ 20లో ఎందరు, రెండూ లెక్కిద్దాం. ఒక్క మేజర్‌తో తేలదు, నాలుగూ అయ్యాక చూద్దాం.

ఫెయిర్‌వేచూపు
ర్యాంకింగ్ జాబితా నేను పెడతాను. రామ్, డిషాంబో లాంటి లివ్ ఆటగాళ్లు అందులో లేకపోతే లేనట్టే, చేత్తో కలపను.