సెలవు పెట్టినా తీరని అలసట: బర్నౌట్ అందరిలోనూ ఒకే రకంగా ఉంటుందా?

ప్రశ్న (బ్యాంకు ఆఫీసరు)

నేను ఒక జిల్లా కేంద్రంలోని బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. పింఛను కోసం వచ్చిన వృద్ధులు, పంట రుణాల రెన్యువల్‌కు వచ్చిన రైతులు ఇంకా వరుసలో ఉండగానే, ఈ రోజు ఎన్ని బీమా పాలసీలు చేయించారని పై ఆఫీసు నుంచి వాట్సాప్‌లో అడుగుతారు. సాయంత్రం లెక్కలు సరిచూసుకున్నాక అదే విషయంపై వీడియో సమీక్ష ఉంటుంది. సంక్రాంతికి సెలవు పెట్టి ఊరికి వెళ్లి వచ్చాను. సీట్లో కూర్చున్న మొదటి రోజే పాత అలసటంతా తిరిగి వచ్చింది. అంతకన్నా నన్ను కలవరపెడుతున్న విషయం వేరే ఉంది. వేలిముద్ర పడక, చీర చెంగుతో వేలు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్న పెద్దావిడను చూసినా నాకు జాలి కలగడం లేదు. మా శాఖలోనే ఒకరు రోజూ ఇదే పనా అని విసిగిపోయారు, మరొకరు ఏం చేసినా ఒకటేనని వదిలేశారు. మా ముగ్గురిదీ ఒకే సమస్యా?

జవాబు (కౌన్సెలింగ్ సైకాలజిస్టు)

మూలం ఒకటే, అది బర్నౌట్, అంటే ఎడతెగని పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోవడం; కానీ రూపాలు వేరు. 1974లో న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలలో ఎంతో ఉత్సాహంతో చేరిన కార్యకర్తలు క్రమంగా డీలాపడిపోవడం చూసి దీని గురించి రాశారు. 1981లో క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ ప్రచురించిన ప్రశ్నావళి దీనిని మూడు కోణాల్లో కొలుస్తుంది: శక్తి ఉడిగిపోవడం, ఎదుటి మనుషుల పట్ల మనసు మొద్దుబారడం, నా వల్ల ఏమీ కాలేదన్న నిస్పృహ. మీకు జాలి కలగకపోవడం వీటిలో రెండోది. మీరు కఠినాత్ములైపోయారని దయచేసి అనుకోకండి. ఓపిక పూర్తిగా అడుగంటినప్పుడు మనసు తనను తాను కాపాడుకోవడానికి మనుషులకు దూరంగా జరుగుతుంది.

బ్యారీ ఫార్బర్ అనే అమెరికా పరిశోధకుడు బర్నౌట్‌కు గురైనవారిలో మూడు రకాలను చూపారు. ఫలితం దక్కని కొద్దీ ఇంకా ఎక్కువగా పనిమీద పడేవారు ఒక రకం, తమ సామర్థ్యానికి తగిన పని లేక విసిగిపోయేవారు రెండో రకం, గుర్తింపు లేక చేతులెత్తేసినవారు మూడో రకం. మొదటివారికి పని తగ్గాలి. రెండోవారికి విశ్రాంతి ఇచ్చినా ప్రయోజనం ఉండదు, కొత్త బాధ్యత కావాలి. మీ శాఖలో నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది మూడో వ్యక్తి, ఎందుకంటే అలాంటివారు గొడవ చేయరు కనుక ఎవరి దృష్టికీ రారు.

జవాబు (స్టాఫ్ నర్సు)

పై వివరణ సరైనదే, కానీ మార్పు ఉద్యోగిలో మాత్రమే రావాలన్నట్టుగా దీనిని ఎవరూ అర్థం చేసుకోకూడదు. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ బర్నౌట్‌ను వ్యాధిగా కాక, పనిచేసే చోట అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగా పేర్కొంది. పని భారం ఎక్కువగా ఉండి, ఆ పని మీద మనకు అధికారం లేకపోవడమే అసలు ప్రమాదమని పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పారు. మా వార్డులో అది కళ్లారా చూశాను. ఒకప్పుడు నైట్ డ్యూటీ ఎవరిదో ముందురోజు సాయంత్రం వరకు తెలిసేది కాదు; పిల్లల పరీక్షలున్నా, ఇంట్లో పెళ్లి ఉన్నా అడిగే వీలు ఉండేది కాదు. డ్యూటీ చార్టు నెల ముందే గోడకు అంటించి, మాలో మేము మార్చుకోవచ్చని చెప్పాక, రోగుల సంఖ్య ఏమాత్రం తగ్గకపోయినా ఊపిరి పీల్చుకోగలిగాము. యోగా తరగతి పెట్టించి చేతులు దులుపుకునే యాజమాన్యాలు ఈ తేడాను గమనించాలి.

జవాబు (విశ్రాంత బ్రాంచి మేనేజరు)

బాబూ, ముందు డాక్టరుకు చూపించుకుని రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, ఎందుకంటే అవి కూడా ఇలాంటి అలసటనే కలిగిస్తాయి. ఆఫీసు గుర్తుకు రాని వేళల్లోనూ దేనిమీదా ఆసక్తి కలగకపోతే అది డిప్రెషన్ కావచ్చు; 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. పింఛన్లు పడే రోజుల్లో కౌంటరులో ఉన్నవారిని పాలసీల లెక్క అడగవద్దని మేనేజరుకు రాతపూర్వకంగా విన్నవించండి, వీలైతే ముగ్గురూ కలిసి సంతకం చేయండి. విసిగిపోయిన సహోద్యోగికి రుణాల పరిశీలన వంటి పని అప్పగించమని అదే విన్నపంలో కోరితే, మీ మీద భారమూ కొంత తగ్గుతుంది. వదిలేసిన ఆ మూడో మనిషిని మాత్రం కాగితంతో కాదు, టీ తాగే వేళ పక్కన కూర్చుని మీరే పలకరించాలి.