పాఠం చెప్పాలంటే వణికిపోయే ఛాత్రోపాధ్యాయులకు (ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థులకు) సామూహిక మంత్రణం (గ్రూప్ కౌన్సెలింగ్) ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న (బి.ఎడ్. అధ్యాపకురాలు):
పాఠ్యపథకాన్ని తప్పు లేకుండా రాసుకొని వచ్చే మా ఛాత్రోపాధ్యాయులలో ఎనిమిది మంది, తరగతి ముందు నిలబడగానే గొంతు పెగలక, నల్లబల్ల వైపు తిరిగి రాస్తూనే పీరియడ్ గడిపేస్తున్నారు. ఇంటర్న్‌షిప్ దగ్గర పడుతోంది. సూక్ష్మ బోధన (కొద్దిమంది ముందు కొద్ది నిమిషాల పాఠం చెప్పించే అభ్యాసం) చేయిస్తూనే ఉన్నాం. దానికి తోడు వీరికి సామూహిక మంత్రణం ఏర్పాటు చేయాలనుకుంటున్నాను.

జవాబు 1 (మనోవిజ్ఞాన అధ్యాపకుడు):
మేడమ్, వారికి ఇంటర్నల్ మార్కులు వేసేది మీరే అయితే ఆ బృందాన్ని మీరు నడపకండి. మార్కులు చేతిలో ఉన్నవారి ఎదుట ఎవరూ తమ భయాన్ని ఉన్నదున్నట్లు చెప్పుకోరు. ఎనిమిది మంది సరైన సంఖ్యే. మధ్యలో కొత్తవారిని చేర్చకుండా, ఇక్కడి మాట బయటికి పోకూడదన్న నియమానికి తొలిరోజే అందరినీ ఒప్పించాలి. మొదటి సమావేశంలో ప్రసంగాలు వద్దు, ఎవరి భయం ఏమిటో వారు చెబితే చాలు. తమ గుండెదడ అందరికీ కనబడిపోతోందని వక్తలు అనుకుంటారు గానీ శ్రోతలకు అంతగా కనబడదు. మనోవిజ్ఞానవేత్తలు సవిట్‌స్కీ, గిలోవిచ్ 2003లో ప్రచురించిన ప్రయోగాలలో, ఈ సంగతి ముందే తెలిసిన వక్తలు మెరుగ్గా మాట్లాడారు. మీ పిల్లలకు మొదట చెప్పవలసింది ఇదే.

జవాబు 2 (విశ్రాంత అధ్యాపకుడు, జిల్లా విద్యా శిక్షణ సంస్థ – డైట్):
సూక్ష్మ బోధన భయానికి మందు కాదు. బోధన, పరిపుష్టి (ఫీడ్‌బ్యాక్), పునఃప్రణాళిక, పునర్బోధన, మళ్లీ పరిపుష్టి అంటూ 36 నిమిషాలలో తిరిగే ఆ చక్రం నైపుణ్యాన్ని పెంచుతుంది. భయపడేవారికి మాత్రం అది రెండుసార్లు తప్పులెంచే పరీక్షలా తోస్తుంది. మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో వివరించిన, భయాన్ని అంచెలంచెలుగా తగ్గించే క్రమబద్ధ పద్ధతిలో లాగా మెట్లు కట్టండి: కూర్చుని పద్యం చదవడం, నిలబడి కథ చెప్పడం, ఆ తరువాతే పాఠం. నల్లబల్ల వైపు తిరగడం భయం నుంచి తప్పించుకొనే దారి కనుక, ఒక మెట్టులో సుద్దముక్కే ఇవ్వకండి.

జవాబు 3 (ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు):
శిక్షణకాలంలో నాకు పిల్లలంటే భయం లేదు. వెనుక బెంచీలో కూర్చుని రాసుకొనే పర్యవేక్షకులన్నా, నా యాస విని తోటివారు నవ్వుతారేమోనన్నా భయం. మా బృందంలో మరో ఇద్దరు అదే మాట చెప్పిన రోజు నుంచి నా గొంతు తేలికపడింది. అందరి భయమూ ఒకటేనని ముందే అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
మార్కులు వేసేది నేనే. పక్క కళాశాలలోని మంత్రణ అధ్యాపకురాలిని అడుగుతాను. యాస సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు. ఆ ఎనిమిది మందిలో నలుగురివి మారుమూల మండలాలే.