స్టాకు లేకుండా డ్రాప్‌షిప్పింగ్‌లో కుర్తీలు అమ్మితే ఎంత మిగులుతుంది?

ప్రశ్న (గుంటూరు):
స్టాకు కొని పెట్టే స్తోమత లేదండీ. సూరత్ హోల్‌సేలర్ ఒకాయన "ఫొటోలు మీరు పెట్టుకోండి, ఆర్డరొస్తే పార్శిల్ మీ పేరుతో నేనే పంపిస్తా" అంటున్నారు. కుర్తీ 450కి ఇస్తారట, నేను 799కి అమ్ముకోవచ్చట. అంటే 349 మిగిలినట్టేనా?

జవాబు (విజయవాడ, కుర్తీల వ్యాపారం):
అదంతా చేతికి రాదు చెల్లీ. కొరియర్ 80, ఇన్‌స్టాగ్రామ్ యాడ్‌కి ఆర్డరుకి 150 వేసుకుంటే 119 మిగులుతుంది. అది కూడా కస్టమర్ పార్శిల్ తీసుకుంటేనే. క్యాష్ ఆన్ డెలివరీలో డెలివరీ బాయ్ గుమ్మం దాకా వచ్చాక "వద్దు" అంటే చేసేదేం లేదు. పదింటిలో మూడు అలా తిరిగొచ్చాయనుకో. అమ్ముడైన ఏడింటి మీద, కుర్తీ ధర, కొరియర్ పోను 269 చొప్పున వచ్చేది 1,883. పదింటి యాడ్లకి 1,500, తిరిగొచ్చిన మూడింటికి రానూపోనూ కొరియర్ 140 చొప్పున 420. ఇంకో 37 చేతిచమురు వదులుతుంది, జీఎస్టీ కలపకుండానే.

అందుకే 100 అడ్వాన్సు పడందే నేను పార్శిల్ కదిలించను. ఆర్డర్ రాగానే ఫోన్ చేసి సైజు, అడ్రస్ మళ్లీ అడుగుతా. సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ముందు ఒక కుర్తీ నీ ఇంటికే తెప్పించుకో. ఎక్స్‌ఎల్ అన్నదాన్ని టేపు పెట్టి చాతీ దగ్గర కొలువు. ఒకసారి ఉతికి రంగు దిగుతుందేమో చూడు. కవర్లో హోల్‌సేలర్ బిల్లు ఉందేమో కూడా చూడు. 450 అని ఉన్న కాగితం కస్టమర్ కంటపడితే మళ్లీ నీ దగ్గర కొనదు.

జవాబు (హైదరాబాద్, అకౌంట్స్ పని):
డ్రెస్సుల్లాంటి సరుకు వేరే రాష్ట్రం కస్టమర్‌కి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువున్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలండీ. చిరిగిన కుర్తీ వెళ్లినా, ఫొటోకి పొంతన లేనిది వెళ్లినా వెనక్కి తీసుకోవాల్సింది మీరే. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం అమ్మినవాళ్లు కాదనడానికి వీల్లేదు. పంపింది సూరత్ ఆయన కదా అంటే కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
హోల్‌సేలర్‌ని అడిగాను. చిరుగుంటేనే తీసుకుంటారట, కస్టమర్ వద్దన్నవి తీసుకోరట.

జవాబు (విజయవాడ):
అయితే పైన చెప్పిన మూడు కుర్తీల 1,350 కూడా నీ మీదే పడుతుంది. తిరిగొచ్చినవి తీసుకుంటానని వాట్సాప్‌లో రాసిచ్చే వేరే సప్లయర్‌ని వెతుక్కో చెల్లీ. అప్పటిదాకా యాడ్ మీద రూపాయి పెట్టకు.