క్లోయిస్టర్‌ని తెలుగులో ఏమందాం?

పోయిన వేసవిలో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్ కెథీడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) చూశాను. అమ్మకి దాని గురించి తెలుగులో రాద్దామని కూర్చుంటే క్లోయిస్టర్ అన్న మాట దగ్గర ఆగిపోయాను, రెండు రోజులైనా ముందుకు కదల్లేదు. చర్చిని ఆనుకుని నలుచదరంగా పచ్చిక, దాని నాలుగు వైపులా కప్పున్న రాతి దారి, పచ్చిక వైపు కిటికీలు. దీన్ని ‘మఠం’ అంటే సరిపోదు, మఠం అంటే మొత్తం సంస్థ కదా. ‘వరండా’ అంటే మరీ తేలిపోతుంది.

1089లో కట్టడం మొదలైన ఆ చర్చి అప్పట్లో బెనెడిక్టైన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులది, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించాక 1541లో కెథీడ్రల్ అయింది. ఆ దారి కప్పు 14వ శతాబ్దం రెండో సగంలో మొదలుపెట్టి 1412 నాటికి పూర్తిచేశారు. తలెత్తి చూస్తే తాటాకు కాడ నుంచి ఈనెలు విచ్చుకున్నట్టు ప్రతి స్తంభం నుంచీ రాతి ఈనెలు పైకి పరుచుకుని పక్కదాని ఈనెల్ని కలుసుకుంటాయి. దక్షిణం వైపు సన్యాసులు కూర్చుని చదువుకోడానికి ఇరవై చిన్న గూళ్లు, ఒక్కోదానికీ సొంత కిటికీ వెలుతురు. ఉత్తరం వైపు భోజనానికి ముందు చేతులు కడుక్కునే పొడవాటి రాతి తొట్టి, దగ్గర్లోనే తువాళ్లు పెట్టుకునే అర. నేను వెళ్లినప్పుడు జనం పెద్దగా లేరు, నా అడుగుల చప్పుడు నాకే వినబడింది.

‘మండువా’ అందామా అనుకున్నాను. మధ్యలో ఆకాశం, చుట్టూ నీడ, అంతవరకు సరిగ్గా అతుకుతుంది. కానీ మండువా అనగానే పిల్లలూ వంటింటి చప్పుళ్లూ గుర్తొస్తాయి. మీరేమంటారు?

మొదటి జవాబు:
బాబూ, మనకి మాట ఎప్పుడో ఉంది, ‘చతుశ్శాల’. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల ప్రాకృత శాసనంలోనే ‘చాతుసాల’ అని కనబడుతుంది. అక్కడి బౌద్ధ విహారాలూ అంతే, మధ్యలో ముంగిలి, చుట్టూ భిక్షువుల గదులు. సన్యాసులు ఉండే చోటుకి సన్యాసుల మాటే వాడితే బాగుంటుంది. లాటిన్‌లో క్లౌస్ట్రుమ్ అంటే మూసి ఉన్న చోటు, చతుశ్శాలలోనూ ఆ నాలుగు వైపుల మూత ఉంది.

రెండో జవాబు:
చతుశ్శాల మా అమ్మమ్మకి అర్థం కాదండీ. ఇంగ్లీషులో ఆ నాలుగు దారుల్నీ ‘వాక్’ అంటారు, సౌత్ వాక్, నార్త్ వాక్ అని. మనకి ‘నడవ’ ఉందిగా! వినగానే నడక వినబడుతుంది. చుట్టూ ఉంది కాబట్టి ‘చుట్టునడవ’ అనండి.
ఇంకొకటి, ఆ ఉత్తరపు వైపు రాతి అరుగు మీద ఎవరో గీసిన ఆట గళ్లు చూశారా? ఒకదాంట్లో ఒకటిగా మూడు చదరాలు. అది మన దాడి ఆటే. చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గీసి, చింతపిక్కలతో ఆడేవాళ్లం.

నా మాట:
అయ్యో, ఆ గళ్లు నేను గమనించలేదండీ! పైన కప్పు వైపే చూస్తూ నడిచాను. అమ్మకి ముందు దాడి సంగతే రాస్తాను, ఆవిడ ఇప్పటికీ బాగా ఆడుతుంది.
మాటల సంగతికొస్తే రెండూ వాడదామని నిశ్చయించుకున్నాను. ముంగిలీ దారులూ కలిపి మొత్తానికి చతుశ్శాల, నడిచే దారికి చుట్టునడవ. ‘దక్షిణపు చుట్టునడవలో ఇరవై చదువుగూళ్లు’ అని రాసి పైకి చదివి చూశాను, ఎక్కడా తడబడలేదు. మధ్యలో పచ్చికని మాత్రం ముంగిలి అనాలంటే మనసొప్పడం లేదు, అక్కడ ముగ్గూ లేదు, తులసికోటా లేదు. దానికి ఎవరికైనా మంచి మాట తడితే చెప్పండి, ఉత్తరం ఇంకా పోస్టు చేయలేదు.