మోకాలు మార్పించుకున్నాక పన్ను పీకించాలంటే ముందు మాత్రలు మింగాలా?

కొర్లగుంట కోడలు:
మా అత్తమ్మకు 68. మూడేళ్ల కిందట రెండు మోకాళ్లూ మార్పించాం. షుగర్ ఉంది. కింది దవడ పన్ను పుచ్చిపోయింది, వచ్చే బుధవారం తీస్తామన్నారు. నోటి క్రిములు మోకాలికి పాకకుండా అని పళ్ల డాక్టర్ అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్) 500 నాలుగు రాసి, గంట ముందు ఒకేసారి మింగించమన్నారు. మోకాలు చేసిన చోటికి ఫోన్ చేస్తే అక్కడి చిన్న డాక్టర్ "ఎందుకమ్మా, అక్కర్లేదు" అని పెట్టేశారు. ఎవరి మాట వినాలి? వచ్చే నెల కొలనోస్కోపీ (పెద్దపేగు పరీక్ష) కూడా ఉంది, దానికీ వేయాలా? ఇంకొకటి, నడిచి కొండెక్కాలని ఆమెకు పాత మొక్కు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పుత్తూరోడు:
మొక్కు సంగతి నేను చెప్తాను. మా పెద్దమ్మ మోకాలు మార్పించిన రెండో ఏడు శ్రీవారి మెట్టు దారిలో ఎక్కింది. అలిపిరి వైపు 3550 మెట్లు, ఇటు తక్కువే గానీ ఊపిరి ఆడనివ్వవు. ఎక్కడం కాదక్కా, దిగేటప్పుడే మోకాలికి దెబ్బ. ఎక్కి, బస్సులో దిగండి. మాత్రల గురించి నాకు తెలీదు.

చంద్రగిరి కోట:
పెద్దమ్మ వట్టి కాళ్లతో ఎక్కిందా? అడిగింది ఎందుకంటే మా నాన్న కథ అక్కడే మొదలైంది. మార్పించిన నాలుగో ఏడు చెప్పుల్లేకుండా అలిపిరిలో ఎక్కాడు. మడమ పగుళ్లలో రాయి దిగింది. షుగర్ కదా, నొప్పి తెలీలేదు. పది రోజులకు మోకాలు వాచింది. చెయ్యి పెడితే పొయ్యి మీంచి దించిన పెనం మాదిరి వేడి. మడమ పుండు క్రిమి రక్తంలో పడి మోకాలికి చేరిందన్నారు. లోపలున్నదంతా తీసేసి యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్ద పెట్టారు, ఆరు వారాలు ఇంజెక్షన్లు, తర్వాత మళ్లీ కొత్తది. పన్ను ముట్టుకోకుండానే ఇంత జరిగింది మాకు. మీరందరూ నోరే చూస్తున్నారు, పాదాలు చూడండమ్మా.

బైరాగిపట్టెడ 07:
నాలుగు మాత్రలు ఒకేసారా?! మా నాన్నకు రోజుకు మూడు చొప్పున ఐదు రోజులు ఇచ్చారు, పళ్లు క్లీనింగ్‌కి. అది పద్ధతి. నాలుగు ఒక్కసారే మింగితే కడుపు ఏమవుతుంది?

రిటైర్డ్ ఫార్మసిస్టు, చిత్తూరు:
33 ఏళ్లు కౌంటర్ వెనక నిలబడినవాడిని, కాస్త వినండి. ఐదు రోజులది జబ్బు వచ్చాక వేసే డోసు. ముందుజాగ్రత్తది వేరు: 2 గ్రాములు, ఒకేసారి, పనికి అరగంట నుంచి గంట ముందు. పన్ను కదిలించే ఆ కాసేపు రక్తంలో మందు నిండుగా ఉండాలని. రోజులకు రోజులు మింగితే మొండి క్రిములను మనమే పెంచినట్టు. డోసు తెలియకుండా పద్ధతి అనకండి.

బైరాగిపట్టెడ 07:
33 ఏళ్లలో చీటీ లేకుండా ఎంతమందికి ఇచ్చారో కూడా చెప్పండి సార్. మా నాన్న స్ట్రిప్ మీద చీటీ లేకుండా అమ్మకూడదనే ఎర్ర గీత ఉంది, షాపువాడు చీటీ అడగనే లేదు.

రిటైర్డ్ ఫార్మసిస్టు, చిత్తూరు:
నా షాపులో అలా జరగలేదు. ఎర్ర గీత అర్థం నేనే కస్టమర్లకు చెప్పేవాడిని. మాట జారకండి.

బైరాగిపట్టెడ 07:
మీరు అన్నానా? ఉలిక్కిపడితే ఎలా.

వేలూరు రైలు:
ఎందుకీ గొడవ. ఒకసారి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోయి చూపించుకోండి.

పుత్తూరోడు:
వచ్చాడయ్యా. ఈ జిల్లాలో తలనొప్పి అన్నా వేలూరే. మా ఊరి కట్టుకు బెంగళూరు నుంచి వస్తారు, మనవాళ్లు మాత్రం వేలూరు.

చంద్రగిరి కోట:
విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు, సరే. అరిగిన కీలుకు కట్టేం చేస్తుంది? మా నాన్నకు రెండేళ్లు ఆకుపసరు కట్టించి ఆలస్యం చేసింది మేమే.

పుత్తూరోడు:
అరిగినదానికి అని ఎవడన్నాడు? కట్టును తక్కువ చేయొద్దు, మా తాత చెయ్యి దానితోనే అతుక్కుంది.

పళ్ల డాక్టరమ్మ:
కట్టు పక్కన పెట్టండి. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పడానికి కారణం ఉంది. నిబంధనే మారుతూ వచ్చింది. 2003లో అమెరికా ఎముకల డాక్టర్ల, పళ్ల డాక్టర్ల సంఘాలు కీలు మార్చాక మొదటి రెండేళ్లు మందు ఇవ్వమన్నాయి. 2009లో ఎముకలవాళ్లు కీలు మార్చిన అందరికీ ఇవ్వడం గురించి ఆలోచించమన్నారు. 2012లో రెండు సంఘాలూ కలిసి ఆ అలవాటు మానే సంగతి చూడమన్నాయి. 2015లో పళ్ల డాక్టర్ల సంఘం మామూలుగా అక్కర్లేదని తేల్చింది. ఎవరు ఏ ఏడు చదువుకున్నారో ఆ మాటే చెప్తారు. మా క్లినిక్ గోడ మీద పాత చార్ట్ నిరుటి దాకా వేలాడింది, నేనే చింపాను.

అమెరికాలో మేయో క్లినిక్‌వాళ్లు కీలుకు ఇన్‌ఫెక్షన్ వచ్చిన 339 మందిని, రాని 339 మందితో పోల్చి 2010లో రాశారు. పళ్ల పనికీ కీలు పాడవడానికీ సంబంధం కనబడలేదు, మందు వేసుకున్నందువల్ల లాభమూ కనబడలేదు. అసలు బ్రష్ చేసినా చెరుకు నమిలినా నోటి క్రిములు రక్తంలో పడతాయి. రోజూ మాత్రలు మింగుతామా? కీళ్లను ఎక్కువగా పాడుచేసేవి చర్మం మీది స్టెఫిలోకాకస్ రకాలు. మడమ అన్న అన్నయ్య మాట అందుకే కొట్టేయలేం.

గుండె కవాటం మార్పించుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు పన్ను పీకే ముందు మందు ఇస్తాం. జనం ఈ రెండూ కలిపేస్తారు. కీలు విషయంలోనూ ముందు ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, షుగర్ అదుపు తప్పినవాళ్లు ఉంటే ఎముకల డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయిస్తాం. అక్కా, అత్తమ్మ మూడు నెలల సగటు షుగర్ (HbA1c) ఎంత?

రిటైర్డ్ ఫార్మసిస్టు, చిత్తూరు:
పెన్సిలిన్ పడనివాళ్లకు క్లిండామైసిన్ 600 అని నేను చెప్పేలోపే...

పళ్ల డాక్టరమ్మ:
అదీ పాతదే సార్. విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికి వస్తున్నాయని అమెరికా గుండె సంఘంవాళ్లే 2021లో దాన్ని వద్దన్నారు.

రిటైర్డ్ ఫార్మసిస్టు, చిత్తూరు:
నేను 2019లో రిటైరయ్యాను.

బైరాగిపట్టెడ 07:
అదీ సంగతి.

కొర్లగుంట కోడలు:
మూడు నెలల షుగర్ 7.1 అక్కా. నేరుగా వెళ్లి పెద్ద డాక్టర్‌నే కలిశాం. రిపోర్టులు చూసి, ఆమెకు మాత్రలు వద్దని చీటీ మీద రాసిచ్చారు. అది చూపించాక పళ్ల డాక్టర్ ఒప్పుకున్నారు. పుచ్చిన పన్ను ఉంచుకోవడమే మోకాలికి చెడ్డదని ఇద్దరూ అన్నారు. బుధవారం తీశారు, గురువారానికి అత్తమ్మ రాగిసంకటి అడిగింది. కొలనోస్కోపీ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పళ్ల డాక్టరమ్మ:
కీలు మార్పించారన్న ఒక్క కారణంతో దానికీ ఇవ్వరు. బుక్ చేసేటప్పుడు మోకాళ్ల సంగతి, షుగర్ మాత్రల సంగతి చెప్పండి. పేగు శుభ్రానికి తాగించే రోజు షుగర్ పడిపోకుండా ఏ మాత్ర ఆపాలో అడగండి, అది ముఖ్యం.

చంద్రగిరి కోట:
మడమలు చూశారా?

కొర్లగుంట కోడలు:
చూశానన్నా. ఎడమ మడమలో పగులు ఉంది. రాత్రి కొబ్బరినూనె రాసి సాక్సు తొడిగాను, తెల్లారేసరికి విసిరేసింది.

పుత్తూరోడు:
మెట్లు ఎప్పుడు ఎక్కుతున్నారు మరి?