అప్‌డేట్: నాలుగు గీతల్లో అంత దర్జా ఎలా? గ్రుయో బొమ్మలు చూశాక

1950ల నాటి పారిస్ ఫ్యాషన్ బొమ్మల్లో నాలుగు గీతలకే అంత హుందాతనం ఎలా వస్తుందని ఆమధ్య అడిగాను కదా. అప్పటి ఫ్యాషన్ చిత్రకారుడు రెనే గ్రుయో బొమ్మలు వరసపెట్టి చూడమని చాలామంది చెప్పారు. చూశాను.

ముందు 1947 నాటి మిస్ డియోర్ సెంటు ప్రకటన. తెల్ల హంస, మెడలో ముత్యాల దండ, నల్ల రిబ్బను ముడి. అంతే, ఆడమనిషే లేదు! పారిస్ దుస్తుల డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తొలి కలెక్షన్ వచ్చిందీ ఆ ఏడాదే. యుద్ధకాలపు గుడ్డ కరువు తర్వాత సన్నటి నడుము, గజాలకొద్దీ బట్ట పట్టే స్కర్టులు. అంత ఆర్భాటాన్ని అమ్మడానికి ఇంత పొదుపైన బొమ్మ. 1949 నాటి రూజ్ బెజే లిప్‌స్టిక్ ప్రకటన ఇంకా గడుసుది: అమ్మాయి కళ్లకు నల్ల గంత కట్టేశాడు. ఇక చూపు ఎర్రటి పెదవుల మీద తప్ప ఎక్కడికి పోతుంది?

జపాన్ చెక్క అచ్చు బొమ్మలు, ఫ్రెంచి చిత్రకారుడు తులూజ్ లోట్రెక్ పోస్టర్లు పక్కన పెట్టుకుని చూడమన్న సలహా బాగా పనికొచ్చింది. నీడలు దిద్దకుండా ఒకే రంగు పరిచెయ్యడం, లావు గీత... అన్నీ అక్కడున్నాయి. నేనూ పెన్ను వదిలి బ్రష్షు పట్టాను. భుజం దగ్గర సన్నగా మొదలై అంచు దగ్గర లావెక్కే గీతతోనే కోటుకి బరువొస్తోంది. చేతి వేళ్లు మాత్రం ఇంకా లొంగట్లేదు.

ఫొటోలు వచ్చి ఈ కళను మింగేశాయన్న మాట పూర్తిగా ఒప్పుకోను. పత్రికల్లో పేజీలు పోయిన మాట నిజమే. కానీ 1966లో వచ్చిన ‘ఓ సోవాజ్’ (Eau Sauvage), అదే డియోర్ వాళ్ల మగవాళ్ల సెంటు, దాని ప్రకటనలకూ బొమ్మలేసింది గ్రుయోనే.